రంగం దగ్గర, జిద్దా దూరం

జిద్దా ఎంత దూరంరా అని మన పిల్లల్ని ఎవరినైనా అడిగి చూడండి. "ఆరు గంటలు" అంటారు. మైళ్ళూ చెప్పరు, కిలోమీటర్లూ చెప్పరు. తరగతిలో మేము అడిగినా ఇదే జవాబు. దూరం అడిగితే కాలం చెబుతారేమిటని కొంతమంది మాస్టర్లు కోప్పడతారు గాని, మేము కోప్పడము. మన పెద్దలు కూడా దూరాన్ని కాలంతోనే కొలిచారు. ఒక పగలు నడిచి రాత్రికి దిగే చోటును ఉర్దూలో మంజిల్ అంటాము. అదే తెలుగులో మజిలీ అయింది. 1830లో మదరాసు నుంచి కాశీకి బయలుదేరి, తిరుగు ప్రయాణంలో మన విశాఖ జిల్లా మీదుగానే వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తన యాత్రా గ్రంథం నిండా మజిలీలే లెక్కపెట్టారు. పోయి రావడానికి ఆయనకు పదిహేను నెలల పైన పట్టింది. నమాజు కసర్ చెయ్యడానికి ఎంత దూరం పోతే సఫర్ అవుతుందన్న దానికి కూడా మన హనఫీ ఉలమా మొదట చెప్పింది మూడు దినాల ప్రయాణం. దాన్ని 48 మైళ్ళుగా, అనగా సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కకట్టడం ఆ తరువాతి మాట. ఈ లెక్కన ఏటికొప్పాక నుంచి విశాఖపట్నం పోయి వచ్చేవాడు ముసాఫిర్ అవుతాడా కాడా అని మసీదు అరుగు మీద ఎప్పుడూ ఒక తగువు ఉండనే ఉంటుంది. దాన్ని మేము ఇక్కడ తేల్చబోవడం లేదు.

ఈ సంచికలో మేము చెప్పదలచింది రెండు ఊళ్ళ సంగతి. ఒకటి రంగూన్. దాన్ని మన ఉత్తర కోస్తా జనం "రంగం" అనేవారు. రెండోది జిద్దా. మన తాతల కాలంలో రంగం దగ్గర, జిద్దా దూరం. ఇప్పుడు తారుమారైంది. భూమి మీద ఆ రెండు ఊళ్ళూ అంగుళం కూడా జరగలేదు, ఇది మాత్రం జరిగింది. ఎట్లా జరిగిందో తెలుసుకుంటే మన ఇళ్ళలోని కొన్ని పాత సంగతులు కూడా అర్థమవుతాయి.

ముందు లెక్క చూద్దాం. గ్లోబు లేని రోజున మేము మన ఊరి లక్క బంతినే తరగతికి తీసుకుపోతాము. అంకుడు కర్రను తరిణె పట్టి లక్క పూసిన ఆ బంతి గ్లోబు కన్నా నున్నగా ఉంటుంది. దాని మీద సుద్దతో రెండు చుక్కలు పెట్టి, మధ్యన దారం బిగలాగితే, ఆ దారం పడిన దారే విమానానికి అతి దగ్గర దారి. గోడ మీది పటంలో గీసిన గీత, బంతి మీద బిగిసిన దారం ఒకటి కావు. అమెరికా పోయే విమానం ఉత్తర ధ్రువం దిక్కుగా ఎందుకు ఎక్కుతుందో పిల్లలకు ఈ దారంతోనే తెలుస్తుంది. ఈ పద్ధతిన లెక్కకడితే విశాఖపట్నం నుంచి జిద్దాకు సుమారు 4,600 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి రంగూనుకు సుమారు 1,370 కిలోమీటర్లు మాత్రమే. జిద్దా మూడింతల పైన దూరం. రంగూను దాదాపు మన అక్షాంశంలోనే ఉంది. విశాఖ 17 డిగ్రీల ఎగువన ఉంటే రంగూను 17కు కాస్త దిగువన. మన బీచిలో నిలబడి ఉదయించే సూర్యుడి దిక్కుకు చెయ్యి చాపితే ఇంచుమించు రంగూనుకే చాపినట్టు. అక్కడి గడియారం మనకన్నా ఒక్క గంట ముందు.

ఈ 1,370 కిలోమీటర్లను మనవాళ్ళు స్టీమరు మీద దాటేవారు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో జనాన్ని ఎక్కించుకుని రంగూను పోయేవి. డెల్టా చుట్టి పోవాలి గనుక సముద్రం మీద దారి సుమారు 800 నాటికల్ మైళ్ళు. స్టీమరు గంటకు పది మైళ్ళు నడిచిందనుకుంటే 80 గంటలు, అనగా మూడు రోజుల పైచిలుకు. రేవుల్లో ఆగడం కలుపుకుంటే నాలుగు రోజులు. మొదట్లో విశాఖలో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. దూరాన లంగరు వేసుకుంటే జనం మసూలా పడవల్లో అలలు దాటి పోయి, పై డెక్కు మీద చాపలు పరచుకునేవారు. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అనే స్టీమరు విశాఖ కొత్త హార్బరులోకి నేరుగా వచ్చి ఆగిన తరువాత ఆ బాధ తప్పింది.

ఎవరు పోయేవారు? ఎక్కువమంది గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల పేదలు. మేస్త్రీ ముందుగా డబ్బిచ్చి టికెట్టు కొని తీసుకుపోతే, అక్కడ బియ్యం మిల్లులోనో, రేవులో మూటలు మోసో, సంపాన్ పడవ నడిపో, రిక్షా లాగో ఆ బాకీ తీర్చుకోవాలి. బాకీ తీరడానికి ఎంతకాలం పట్టేదో మేస్త్రీ పద్దు చెప్పాలి గాని పోయినవాడు చెప్పలేడు. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళందరినీ బర్మావాళ్ళు "కోరంగీలు" అనేవారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షల పైన ఉన్నారు. రంగూను నగరంలోనైతే సగానికి మించి మనవాళ్ళే. బర్మా అప్పుడు వేరే దేశం కాదు, 1937 ఏప్రిల్ 1 దాకా హిందూస్తాన్‌లో ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. కోతలయ్యాక పోయి రెండేళ్ళకో మూడేళ్ళకో రావడం, మళ్ళీ పోవడం. ఏలూరులో పనికి పోయినట్టే రంగం పోయారు అనుకునేవారు.

ఇదే రంగూనుకు ఇంకొక ప్రయాణం కూడా ఉంది. ఉర్దూ చదువుకున్న ఇంట్లో దాన్ని తలవకుండా ఉండలేము. ఆఖరి మొగల్ పాదుషా బహదూర్ షా జఫర్‌ను ఇంగ్లీషువాళ్ళు 1858 అక్టోబరులో ఢిల్లీ నుంచి బయటికి పంపారు. అలహాబాదు దాకా బండ్ల మీద, అక్కడి నుంచి నది మీద పడవలో కలకత్తాకు, కలకత్తా నుంచి ఓడ మీద రంగూనుకు. చేరింది డిసెంబరులో. రెండు నెలల ప్రయాణం. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి. బంతి మీద దారం పట్టి చూస్తే ఢిల్లీకి రంగూనుకు 2,300 కిలోమీటర్ల చిల్లర, జెట్ విమానానికి మూడు గంటల పని. ఆయన 1862 నవంబరు 7న అక్కడే కన్నుమూశారు. సమాధి ఎక్కడన్నది జాడ తెలియకుండా చేశారు. 1991లో తవ్వకంలో బయటపడింది. మన కూలివాళ్ళు డెక్కు మీద నాలుగు రోజుల్లో చేరిన ఊరే, పాదుషాకు తిరిగి రాలేనంత దూరమైంది.

విమానం కూడా రంగూనుకు తొందరగానే వచ్చింది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌వారు 1933లో తమ లండన్ దారిని కరాచీ, కలకత్తాల మీదుగా రంగూను, సింగపూర్ దాకా పొడిగించారు. మన హార్బరు తెరిచిన ఏడాదే. కాని అది దొరల విమానం, తపాలా విమానం. దాని చప్పుడు విని తల ఎత్తి చూసిన మనవాళ్ళు ఉంటారేమో గాని, ఎక్కినవాళ్ళు ఉండరు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. మా దాదాగారి అన్న అప్పుడు అక్కడ బియ్యం మిల్లులో ఉండేవారు. మా ఇంట్లో ఆయన్ని పెద్దదాదా అనేవారు. 1936లో విశాఖలో స్టీమరెక్కి నాలుగో రోజున దిగిన మనిషి. బాంబులు పడ్డాక స్టీమరుకు జనం విరగబడ్డారు, టికెట్టు దొరకలేదు. డబ్బున్నవాళ్ళకు, దొరలకు చోటు. మిగతావాళ్ళు నడక. పెద్దదాదా ప్రోం దాకా పోయి, అక్కడ కొండలు దాటి టౌంగప్ చేరి, అరకాన్ తీరం వెంట పడవల్లోనూ కాలినడకనూ చిట్టగాంగ్ వచ్చారు. దారిలో కలరా. నీళ్ళు లేవు. తోటివాళ్ళు పడిపోతే ఆగి ఖబరు తవ్వడానికి కూడా ఓపిక లేని రోజులని ఆయన అనేవారట. మట్టి చేత్తో కప్పి నమాజు చదివి ముందుకు పోయారట. మార్చి 8న రంగూను జపాను చేతికి చిక్కింది. అప్పటికి ఆయన ఇంకా దారిలోనే ఉన్నారు. చిట్టగాంగ్ నుంచి కలకత్తా, కలకత్తా నుంచి రైలు. నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగి ఏటికొప్పాక వచ్చేసరికి ఏప్రిల్ సగం అయింది. ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా జపాను బాంబులు పడి, పట్నం జనం పల్లెలకు పారిపోయి వస్తున్నారు. ఆయన్ని కూడా విశాఖ నుంచి పారిపోయి వచ్చినవాడేమో అనుకున్నారట.

పోవడానికి నాలుగు రోజులు, రావడానికి మూడున్నర నెలలు. ఊళ్ళు అవే, మనిషి ఒక్కడే. బర్మా నుంచి అలా నడిచి వచ్చినవాళ్ళు నాలుగైదు లక్షలమంది అని చరిత్రకారుల అంచనా. దారిలో పోయినవాళ్ళు వేలకు వేలు. సరైన లెక్క ఎవరూ రాయలేదు. వరాహ నది ఒడ్డున పుట్టి ఆ కొండల్లో ఎక్కడో పడిపోయినవాళ్ళ పేర్లు మన ఇళ్ళలోని ముసలమ్మలకు తెలిసేవి. వాళ్ళూ వెళ్ళిపోయారు.

ఆ తరువాత సంగతి త్వరగానే చెప్పుకోవచ్చు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. కొందరు మళ్ళీ పోయారు. 1962 మార్చిలో సైన్యం అధికారం తీసుకుంది. 1963, 64లలో దుకాణాలు, మిల్లులు ప్రభుత్వపరం చేసేసరికి మిగిలిన భారతీయుల్లో చాలామంది కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అని పేటకు పేరు పడింది అట్లా వచ్చినవాళ్ళ వల్లే. స్టీమరు లైన్లు ఆగిపోయాయి. రంగూను 1989 నుంచి యాంగోన్ అయింది, 2000 సంవత్సరం దాటాక రాజధాని కూడా అక్కడి నుంచి ఎత్తేశారు. విశాఖ నుంచి నేరుగా విమానం వేస్తే జెట్‌కు రెండు గంటలు పట్టదు. మన ఊరి నుంచి బస్సులో విశాఖ కాంప్లెక్సుకు పోవడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాని ఆ విమానం లేదు. ఇంకొక పట్నం చుట్టు తిరిగి, విమానం మారి పోవాలి. మా తండ్రిగారి తరంలో గాని మా తరంలో గాని మా ఇంటి నుంచి రంగం పోయినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక జిద్దా. గోల్కొండ పాదుషాల కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రపు రేవులకు ఓడలు పోయేవి. తెరచాప ఓడకు గాలి దిక్కు. ఈశాన్య గాలి ఉన్న నెలల్లో పోవాలి, నైరుతి గాలి పట్టాక రావాలి. ఇందులో మన హాజీలకు ఇంకొక చిక్కుండేది. గాలులది సూర్యుడి లెక్క, ఏటా అవే నెలలు. హజ్‌ది చంద్రుడి లెక్క, ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. గాలి, హజ్ కలిసొచ్చిన ఏడు అదృష్టం. కలవని ఏడు మక్కాలోనో, దారిలో రేవుల్లోనో నెలలకు నెలలు కాచుకోవాలి. హజ్‌కు పోయేవాడు అప్పులు తీర్చి, ఊరందరి దగ్గరా మాఫీ అడిగి, ఇక రానేమో అన్నట్టే బయలుదేరేవాడు. ఇప్పుడు ఆ మాఫీ అడగడం మర్యాదగా మిగిలింది గాని, అప్పుడు అది నిజంగా ఆఖరి మాటే.

1869లో సూయజు కాలువ తెరిచాక ఎర్ర సముద్రంలో పొగ ఓడలు పెరిగాయి. హాజీలను ఇరుకు ఓడల్లో కుక్కి తీసుకుపోతున్నారని గోల పుట్టి, 1886లో హిందూస్తాన్ ప్రభుత్వం ఆ ప్రయాణాల బాధ్యత థామస్ కుక్ కంపెనీకి ఇచ్చింది. ఎర్ర సముద్రంలో కమరాన్ అనే దీవి దగ్గర ఓడలను ఆపి, కలరా భయంతో అందరినీ దింపి రోజుల తరబడి ఉంచేవారు. మన ఊరి సంగతికి వస్తే, 1890లలో మన వైపు రైలు పడింది. గోదావరి మీద వంతెన 1900లో పూర్తయింది. అంతకుముందు రాజమండ్రిలో రైలు దిగి, పడవలో గోదావరి దాటి, కొవ్వూరులో మళ్ళీ ఎక్కాలి. వంతెన పడ్డాక మన హాజీలు నర్సీపట్నం రోడ్డులో ఎక్కి, బెజవాడలో మారి, రెండు మూడు రోజులకు బొంబాయి చేరేవారు. అక్కడ ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం కాచుకుని, సూదులు వేయించుకుని, మొగల్ లైను ఓడ ఎక్కేవారు. బొంబాయి నుంచి జిద్దాకు 2,300 నాటికల్ మైళ్ళు. ఆ పాత ఓడలకు 12 నుంచి 15 రోజులు. దిగాక మక్కాకు మోటార్లు రాక ముందు ఒంటెల మీద రెండు రాత్రులు. ఇంటి గడప దాటి మళ్ళీ గడప తొక్కేసరికి మూడు నాలుగు నెలలు. ఈ ఓడ ప్రయాణం 1995 దాకా సాగింది. ఆఖరి రోజుల్లో నడిచిన "అక్బరీ" ఓడ పేరు మన పెద్దల్లో కొందరికి ఇంకా గుర్తుంది.

విమానం ఈ లెక్కనంతా తుడిచేసింది. హైదరాబాదు నుంచి జిద్దాకు సుమారు 4,100 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 850 నడుస్తుందనుకుని భాగిస్తే అయిదు గంటలు కూడా రాదు. మరి పిల్లలు ఆరు గంటలంటారేం? ఎక్కడం, దిగడం నెమ్మదిగా జరగాలి, అది ఒకటి. రెండోది గాలి. పైన ముప్పై నలభై వేల అడుగుల ఎత్తున, అందులోనూ చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు గట్టి గాలి వీస్తుంది. జిద్దా పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు తోడు. అందుకే పోవడానికి అయిదున్నర, ఆరు గంటలు. రావడానికి అంతకన్నా తక్కువ. మూడోది గడియారం. సౌదీ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. హైదరాబాదులో ఉదయం 8 గంటలకు బయలుదేరి అయిదు గంటల ముప్పావు ఎగిరితే, మన గడియారానికి మధ్యాహ్నం 1.45, వాళ్ళ గడియారానికి 11.15. నాష్టా ఇక్కడ, జొహర్ నమాజు అక్కడ. తెరచాప పోయి వందేళ్ళు దాటినా గాలి మాత్రం ఇంకా లెక్కలోనే ఉంది చూడండి. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారాయి. 2023లో మన రాష్ట్ర హాజీలకు విజయవాడ గన్నవరం నుంచే విమానం వేశారు. ఆ ఏడు బెజవాడలో మారవలసిన పని లేదు, బెజవాడలోనే ఎక్కారు.

అహ్రామ్ సంగతి ఒకటి చెప్పాలి. ఓడలో పోయేటప్పుడు యలమ్‌లమ్‌కు ఎదురుగా వచ్చే ముందు కప్తాను చెప్పేవాడు. స్నానం చేసి, అహ్రామ్ కట్టుకుని, తల్బియా మొదలుపెట్టడానికి కావలసినంత తీరిక. విమానంలో మీఖాత్ దాటడం నిమిషాల్లో జరిగిపోతుంది. అందుకే చాలామంది విమానాశ్రయంలోనే కట్టుకుని ఎక్కుతున్నారు.

కాబట్టి జిద్దా దగ్గరైంది. హజ్‌కే కాదు, పనికి కూడా. 1973 తరువాత నూనె ధర పెరిగి గల్ఫ్‌లో పనులు పెరిగాక, మేస్త్రీ స్థానంలో ఏజెంటు, స్టీమరు స్థానంలో విమానం వచ్చాయి. బాకీ మాత్రం అదే బాకీ. మన సభ్యుల కుటుంబాల్లోనూ డ్రైవర్లుగా, ఏసీ మెకానిక్కులుగా పోయినవాళ్ళున్నారు. వాళ్ళ విషయంలోనే ఈ ఆరు గంటల లెక్క మాకు సరిగా కుదరదు. తండ్రి పోతే కబురు క్షణంలో అందుతుంది. జనాజా ఆలస్యం చెయ్యకూడదు. ఉదయం పోయినవారిని అసర్ లోపల దఫన్ చేస్తాము. కొడుకు ఆ క్షణంలోనే ఎయిర్‌పోర్టులో నిలబడినా, ఆరు గంటల విమానం, అక్కడ రెండు మూడు గంటలు కూర్చోవడం, హైదరాబాదులో దిగి విశాఖకు ఇంకొక విమానమో రాత్రి రైలో, అక్కడి నుంచి ఊరు. ఒక పగలు, ఒక రాత్రి గట్టిగా పడుతుంది. అది కూడా కాగితాలు చేతిలో ఉంటే. సౌదీలో పనివాడు దేశం విడిచి రావాలంటే కఫీల్ ఒప్పుకోవాలి. 2021 మార్చిలో ఈ నిబంధన చాలామందికి సడలించారు గాని, ఇంటి డ్రైవర్లకు, ఇంటి పనివాళ్ళకు ఆ సడలింపు ఇవ్వలేదు. మనవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఆ పనులే. మాకు తెలిసిన ఒక కుటుంబంలో కొడుకు తండ్రి జనాజాను ఫోనులో చూశాడు. ఖబరస్తాన్‌లో సిగ్నల్ పోయి మట్టి వేసే వేళకు బొమ్మ ఆగిపోయింది. నలభయ్యో రోజుకు గాని అతను రాలేకపోయాడు. పెద్దదాదా కాలంలో రంగం నుంచి తంతి అందుకుని స్టీమరెక్కిన కొడుకు అయిదో రోజుకు ఇల్లు చేరేవాడు.

బర్మా కాగితాలు, పాత స్టీమరు టికెట్లు, మొగల్ లైను హజ్ పాసులు మీ ఇళ్ళ ట్రంకు పెట్టెల్లో ఏమైనా ఉంటే పారెయ్యకండి, చెదలు పట్టనియ్యకండి. సంఘం ఆఫీసుకు తెస్తే మేము చూసి, నకలు తీసుకుని తిరిగి ఇచ్చేస్తాము. కాగితం లేకపోయినా పరవాలేదు. ఎవరు, ఏ రేవులో, ఏ ఓడ ఎక్కారు, ఎన్నో రోజున దిగారు అన్నది పెద్దవాళ్ళను అడిగి ఒక ముక్క రాసి పంపండి. బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళదైతే ఏ దారిన వచ్చారో, వెంట ఎవరెవరు బయలుదేరారో, ఎవరెవరు చేరారో కూడా రాయండి.